పది సెకన్ల పలుకు

ఒరే తమ్ముడూ, క్షేమమే. ఓడ కుదుపుకి వచ్చే వాంతులు తగ్గాయి, కంగారుపడకు.

సముద్రం అడుగుకి శబ్దం పంపి, తిరిగొచ్చే పలుకుని బట్టి పటం గీస్తాం. గట్టిగా పలికితే రాయి, మెత్తగా పలికితే బురద. మొన్న తెర చూస్తూ మా పెద్దసారు "రాయి!" అని అరిచాడు. కలం పట్టుకుని "ఏం రాయను సార్?" అన్నాను. "రాయి అని రాయమ్మా!" అన్నాడు. గదంతా ఒకటే నవ్వు. నువ్వుంటే ఏడాదిపాటు ఏడిపించేవాడివి. అంత చనువుగా ఏడిపించేవాళ్లు ఇక్కడెవరూ లేరు.

వంటింటి కుళాయి బాగుచేయించావా? నా కుండీలకి నీళ్లు పోస్తున్నావా?

చెప్పకుండా ఓడెక్కానని నీ అలక, తెలుసు. ఏడు కిలోమీటర్ల లోతు కూడా పది సెకన్లలో పలుకుతుంది. ఇవాళ రేవులో అందరికీ ఉత్తరాలొచ్చాయి. నా మూడు కార్డులకీ నీ ఉలుకూ పలుకూ లేదు.

చల్లగా ఉండు. తిట్లైనా సరే, రాయి.

అక్క