హరికేన్ నేల దిగేవరకు

తూర్పు గోదావరి జిల్లా, రాజోలు తాలూకా, తాటిపాక గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు యాళ్ళ వెంకన్న గారి రెండో కుమారుడు, మాజీ విమానదళ ఉద్యోగి, ప్రస్తుతం వ్యవసాయదారుడు అయిన యాళ్ళ సూరిబాబు అనే నేను రాసి సంతకం చేసిన వీలునామా.

నా గుండె చెడింది, బుర్ర చెడలేదు. ఈ రెండు మాటలూ మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ గారు పరీక్షించి చెప్పినవే. ఒకరి బలవంతం గానీ, ఒకరి బుజ్జగింపు గానీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాస్తున్నాను. నాకు మతి చలించిందని మా అన్నయ్య గంగాధరరావు గారు కాఫీ హోటల్లో కూర్చుని పదిమందికీ చెబుతూ ఉంటారు కనుక డాక్టరమ్మ గారి చీటీ దీనికి జతపరిచాను. ప్లీడరు శ్రీరామచంద్రమూర్తి గారు కాస్త మెత్తగా రాద్దామన్నారు. మెత్తగా రాస్తే మావాళ్ళకి ఎక్కదు. అందుకని చట్టం ముక్కలు మాత్రం ఆయనవి, మిగతాదంతా నాది.

1. నాకు పిల్లలు లేరు. నా ఆస్తి అంతా నా స్వార్జితం, పిత్రార్జితానికి దీంతో సంబంధం లేదు. అది ఏమిటంటే: కాలవ గట్టున కాపుమీదున్న కొబ్బరితోట. దాని పక్కనే ఒక్క మొక్క కూడా నాటని ఎకరం చేను. నేను కాపురముంటున్న పెంకుటిల్లు. హరికేన్ రకం యుద్ధవిమానం ఒకటి. ఈ ఆఖరిది విని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. ముందు ముందు తీరిక దొరకదు.

2. ఆ విమానం సంగతి. యుద్ధంలో నేను బర్మా సరిహద్దున రిగ్గరుగా పనిచేశాను. విమానానికి రెక్కలు, తోక విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి రిగ్గరంటారు. ఎన్ని హరికేన్లు నా చేతుల మీదుగా పైకి లేచాయో, ఒక్కదాంట్లోనూ నన్ను ఎక్కి కూర్చోనిచ్చిన దొర లేడు. తెల్లదొరలనే అనడం దేనికి, మన నల్లదొరలూ అంతే. "బాగా బిగించావా?" అనేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, పోయేవాళ్ళు. థూ! ఆ కసితోనే ఇంటికొచ్చి, నేను చెప్పినట్టు వినే హరికేన్ ఒకటి కట్టుకున్నాను. దాని రెక్క ఒక నిలువు మనిషి పొడుగు. మద్రాసు మిలిటరీ వేలంలో, సముద్రంలో పడ్డవాళ్ళు పట్టుకుని తేలే బాల్సాచెక్క తెప్ప ఒకటి కొని, దాన్ని పలచగా కోసి, రెక్కకి పక్కటెముకల్లా పేర్చి, పైన పారాచూట్ పట్టు బిగించి వార్నీషు పూశాను. ఊరు దానికి బెండు పిట్ట అని పేరు పెట్టింది. పెళ్ళి బాసికాలకి వాడే జీలుగుబెండుని మించిన తేలిక వస్తువు లోకంలో ఉందంటే ఈ ఊరు నమ్మదు మరి.

మోటారు కరెంటుది, చుట్టినవాణ్ణి నేనే. దానికి కావలసిన బ్యాటరీలు అమలాపురంలో రేడియో బ్యాటరీలు ఛార్జి చేసే దొరబాబు నింపి పెడతాడు. నేల మీద నిలబడి, ఒక చేత్తో వైర్‌లెస్ పెట్టె పట్టుకుని రెండో చేత్తో బొత్తాం నొక్కాలి. ఒక నొక్కుకి కుడికి, రెండు నొక్కులకి ఎడమకి తిరుగుతుంది. బ్యాటరీ అయిపోయాక గద్ద వాలినట్టు జారుకుంటూ దిగుతుంది. వైర్‌లెస్‌కి లైసెన్సు ఉంది. పోలీసులకి ఆకాశరామన్న ఉత్తరాలు రాయాలనుకునేవాళ్ళు కార్డు ఖర్చు మిగుల్చుకోండి.

3. నా తోడల్లుడు నారాయణమూర్తి గారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. "కరెంటు మోటారు తన బరువు తనే మొయ్యలేదండీ, విమానాన్నేం మోస్తాదండీ" అని నా ఇంట్లో, నా పెసరట్టు తింటూ సెలవిచ్చారు. విమానాన్ని ఒక్కసారి చేత్తో ఎత్తి చూడండి మాస్టారూ అంటే చేతికి వార్నీషు అంటుతుందన్నారు. అంటకుండా చదువు చెప్పడం ఆయనకి అలవాటే. ఆయనకి నా మొదటి విమానం ముక్కుకి బిగించిన, ఇప్పుడు విరిగిన పంఖా ఇస్తున్నాను. దానికి ముందేదో వెనకేదో తేల్చుకున్నాకే పిల్లల ముందు పెట్టాలి.

ఆయన భార్య లీలావతి గారికి పారాచూట్ పట్టులో మిగిలిన పీలిక. నేను బర్మా నుంచి మోసుకొచ్చిన పట్టులో సగం ఆవిడ అడక్కుండా తీసుకుపోయి జాకెట్లు కుట్టించుకున్నారు. నా ఎడమ రెక్క ఆవిడ ఒంటిమీద రాజోలు సంతకి వెళ్ళడం కళ్ళారా చూశాను. ఈ పీలిక చేతిరుమాలుకి సరిపోతుంది.

4. మా అన్నయ్య గంగాధరరావు గారికి రెండు ఎండు నిమ్మకాయలు, నాలుగు మిరపకాయలు, వాటిని గుచ్చిన నల్లదారం. ఇవి ఎక్కడివో ఆయనకి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

కిందటేడు ఊళ్ళో కోతలయ్యాక, ఆ ఎకరం చేలో నా మొదటి హరికేన్ ఎగరేశాను. కొత్త బండికి పూజ లేకుండా కదిలించకూడదని అన్నయ్య గారు పట్టుబట్టారు. చక్రాలకి పసుపు రాసుకోండి, ఇంకెక్కడా చెయ్యి వెయ్యకండని చెప్పి నేను చేను ఆ చివర పెట్టె సరిచూసుకుంటున్నాను. ఈలోగా ఈ మహానుభావుడు బస్సుకి కట్టినట్టు నా విమానం తోకకి దిష్టి నిమ్మకాయలు కట్టాడు! కావిడికి ఒక వైపే కుండ పెడితే ఏమవుతుందో చిన్నపిల్లలకి తెలుసు. బాల్సా విమానానికి తోక బరువైతే ముక్కు పైకి లేస్తుంది, ఊపిరాడనట్టు ఆగుతుంది, కూలుతుంది. అలాగే లేచింది, అలాగే కాలవలో కూలింది. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అన్నయ్య గారు మాత్రం నవ్వలేదు. "నిమ్మకాయలు కట్టబట్టి కాలవలో పడిందండీ, లేపోతే జనం మీద పడిపోను. ఆయ్!" అని గట్టు మీద నిలబడి అందరికీ చెప్పుకొచ్చేరు. అక్కడితో ఆగినా బాగుండేది.

మా అక్క భూలక్ష్మి పదేళ్ళ కిందట భర్త పోయి, అన్నయ్య గారి పెరటి గదిలో ఉంటోంది. శుభమా అని విమానం ఎగురుతుంటే ఎదురు రావద్దని ఆ రోజు ఆవిణ్ణి గదిలో కూర్చోబెట్టారు. తీరా అది కూలాక, "కిటికీలోంచి చూసేవా? చూసే ఉంటావు!" అని కూకలేశారు. మా అక్క అన్నం మానేసి పడుకుంది. నేను కాలవలో దిగి తోక పైకి లాగి, దానికి వేళ్ళాడుతున్న నిమ్మకాయలు మా అన్నయ్య మొహం ముందు ఊపాను. "శాస్త్రానికి ఎదురు మాట్లాడకురా సూరిబాబూ" అన్నారు. ఛీ! ఈయనా మా ఇంటికి పెద్ద.

5. మా అక్క భూలక్ష్మికి నా పెంకుటింట్లో వీధి వైపు గది, బతికున్నంత కాలం. పెరటి వైపుది కాదు, వీధి వైపుది. కిటికీలు రెండూ తెరిచి ఉంచుకోవాలి, రోడ్డు మీద పోయేవాళ్ళందర్నీ చూడాలి. దానికి అడ్డం చెప్పేవాడు ఈ ఆస్తిలో కొబ్బరి ఈనెకి కూడా హక్కుదారు కాడు.

అక్కా, బావ పోయిన పదో రోజున వాళ్ళు నిన్ను ఏం చేశారో నేను మర్చిపోలేదు. నీ మణికట్టు మీద గాజుముక్క చీరిన మచ్చ నువ్వు కొంగు కింద దాచుకుంటావు. దాచుకోవలసింది నువ్వు కాదు.

6. నా భార్య సీతారత్నానికి పెంకుటిల్లు, ఎకరం చేను, హరికేన్, పనిముట్లు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆ ఎకరం కోసం మా అన్నయ్య కొబ్బరిమొక్కలు పెంచి సిద్ధంగా ఉంచారు. "ఎకరం ఆకాశానికి వదిలేసేవు, ఆకాశం కాయలు కాస్తాదేంట్రా?" అని అడిగేవారు. కాయదు. కానీ మా కోనసీమలో తల ఎత్తితే మట్టలు తప్ప ఇంకోటి కనబడదు. అంత ఆకాశం ఉన్న చోటు ఈ ఊళ్ళో అదొక్కటే. అందులో మొక్క నాటే హక్కు సీతారత్నానికి తప్ప ఎవరికీ లేదు. ఆవిడ నాటదు.

ఆవిడ గురించి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. పెళ్ళైన కొత్తలో బాల్సా పొట్టు ఊడ్చి ఊడ్చి విసుక్కునేది. "ఈ పిట్టకి పెట్టిన ముద్దులో పావొంతు నాకు పెట్టకూడదా అండీ" అని సాధించేది. నిజమే, పెట్టవలసింది. ఆ విసుగుతోనే సూది పట్టుకుని కూర్చుని, రెండో విమానం రెక్కలకి పట్టు మొత్తం తనే బిగించింది, ఎక్కడా ముడత లేదు. బొత్తాం నొక్కడం నేర్పాను. ఇప్పుడు విమానాన్ని బల్లకి కట్టేసి మోటారు తిప్పితే, నాకంటే నదురుగా తోక ఆడిస్తుంది. నేను ఎగరేయలేను. గుండె దడొస్తే వేలు వణుకుతుంది, అది మనసు చెబితే వినేది కాదు. అందుకని రెండో హరికేన్ పూర్తయి, ఎగరకుండా సావిట్లో కూర్చుంది.

అది పూర్తయిన రోజున సీతారత్నం, "ముక్కు మీద ఒక్క బొట్టు పెట్టుకోనివ్వండి. బొట్టు బరువెంతుంటాదండీ?" అని అడిగింది. నిమ్మకాయల దెబ్బ తిన్నవాణ్ణి, కంసాలి త్రాసు తెచ్చి కుంకం తూచాను. ముల్లు కదల్లేదు. పెట్టుకోమన్నాను. నా జన్మలో నేను తూచిన వాటిలో అంత తేలికైనదీ, నాకు అంత ఇష్టమైనదీ ఇంకోటి లేదు.

7. ఇక అందరూ చెవులు రిక్కించి కాచుకున్న కొబ్బరితోట. అది మా అన్నయ్య గంగాధరరావు గారికే ఇస్తున్నాను. ఆగండి, షరతులున్నాయి.

నా పదో రోజున పిండం పెట్టి కాకి కోసం ఎదురు చూడనక్కర్లేదు. కాకులకి మా అన్నయ్య రుచులే తెలుసు, నావి తెలియవు. ఆ రోజు హరికేన్‌ని నా ఎకరంలో సీతారత్నం ఎగరేయాలి. నుదుట బొట్టుతో, చేతుల నిండా గాజులతో, మామూలు రంగుచీరతో. అది గాలిలోకి లేచి, తిరిగి, విరక్కుండా నేల దిగితే తోట అన్నయ్యది. కూలితే, ఎందువల్ల కూలినా సరే, తోట మిషన్ ఆస్పత్రిది.

కనుక ఆవిడ చేతిలో పెట్టె ఉండగా ఎవరూ ఆవిడ చెయ్యి పట్టుకోకూడదు. గాజులు పగలగొట్టడానికి వచ్చే పెద్దముత్తయిదువలకి ఈ మాట ముందుగా చెప్పవలసిన పూచీ అన్నయ్యది. ఏడ్చే ఆడది తోక ఆడించలేదు. కనుక ఆవిణ్ణి అంతకుముందు రోజుల్లోనూ ఎవరూ ఏడిపించకూడదు. గాలి బాగుందో లేదో చెప్పేది ఆవిడే. బాగులేదంటే ఆ రోజు పదో రోజు కానట్టే. నెలైనా, ఏడాదైనా, ఆవిడ సరేననేవరకు పదో రోజు రాదు, పదో రోజు తంతూ జరగదు. ఆవిడ అసలు ఎగరేయనంటే తోట కూడా ఆవిడదే.

విమానం ఎదురుగాలికే లేస్తుంది. కనుక గాలి వచ్చే దిక్కున, విమానానికి ఎదురుగా, అందరికీ కనబడేలా మా అక్క భూలక్ష్మి నిలబడాలి.

అన్నయ్యా, పదమూడేళ్ళుగా నా విమానాన్ని చూసి నవ్వావు. ఆ రోజు నవ్వలేవు. చేలో గేదెల్ని తోలేది నువ్వే, కాకుల్ని అదిలించేది నువ్వే, తోక దగ్గరికి ఎవడైనా నిమ్మకాయతో వస్తే కర్ర పట్టుకుని తరిమేదీ నువ్వే. మెడ నొప్పెట్టేలా తలెత్తి, రెండు చేతులూ జోడించి, నా బెండు పిట్ట క్షేమంగా దిగాలని దణ్ణం పెట్టుకుంటావు. మీ తమ్ముడి కోసం ఏనాడూ పెట్టని దణ్ణం. అది చూడ్డానికి నేను ఉండను, అదొక్కటే నాకు బాధ.

8. విమానం దిగాక కూడా తోట ఫలసాయం అన్నయ్యకి చెల్లేది సీతారత్నం నుదుట బొట్టు, చేతికి గాజులు ఉన్నంతవరకే. తనంతట తాను తీసేస్తే అది తన ఇష్టం. ప్లీడరు గారు ఆవిణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ఇంకొకరు తీయించారని తేలిన మరుక్షణం తోట ఆస్పత్రిది. ఇలాంటి షరతు కోర్టులో నిలుస్తుందా అని ప్లీడరు గారే సందేహపడ్డారు. ఏం ఫరవాలేదండీ, కొబ్బరికాయలు పణంగా పెట్టి కోర్టుకి వెళ్ళే గుండె మా అన్నయ్యకి లేదు.

9. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ప్లీడరు శ్రీరామచంద్రమూర్తి గారిది. లోగడ నేనేమైనా రాసి ఉంటే అది ఇందుమూలంగా రద్దు.

సీతారత్నం, భయపడకు. తోక తేలిగ్గా ఉంది, రెండు వేళ్ళ మీద రెక్కలు నిలబెట్టి చూశాను, ఎటూ ఒరగలేదు. పైకి లేచాక ఎవరి వైపూ చూడకు, దాన్నే చూడు. అది దిగాక తుడిచి సావిట్లో పెట్టు. ముక్కు మీద బొట్టు మాత్రం తుడవకు. నీదీ అంతే.

ఇది నాకు చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట 1958 ఫిబ్రవరి పదహారో తేదీ ఆదివారం నాడు తాటిపాకలో చేసిన సంతకం:

యాళ్ళ సూరిబాబు

సాక్షులు:
రాహేలు, నర్సు, మిషన్ ఆస్పత్రి
దొరబాబు, బ్యాటరీ షాపు, అమలాపురం