బర్రెతో మాట్లాడే నాటిక

ఖాసిం,

నువ్వు పోయి ఏడాదైంది. మన నాటికలన్నీ నేను చెబితే నువ్వు రాసినవే. నాకు అక్షరాలు సరిగా రావు. ఇది నువ్వు చదవవు కాబట్టి తప్పులకు భయం లేదు.

నిన్న శేరిగూడలో ఒక కాలేజీలో నాటిక చూశాను. రాసింది అబ్దుల్లాపూర్‌మెట్ పిల్ల, సుజాత. ఆ నాటిక ముందు మనవన్నీ దిగదుడుపే. ఈ మాట నా నోట రావడం నువ్వు వినాల్సింది. అందులో ఇద్దరు తోడికోడళ్లకు మాటల్లేవు. ఏం చెప్పాలన్నా బర్రెకే చెబుతారు. "ఓ బర్రె, మోటరు బంద్ చెయ్యుమని జర గా మారాణికి చెప్పరాదే!" కడుపు పట్టుకుని నవ్వాను. చివరికి బర్రె చచ్చిపోతుంది. ఇద్దరూ ఖాళీ కొట్టంలో నిలబడతారు. మాట చెప్పి పంపడానికి ఇక బర్రె లేదు.

చూసినవాళ్లు పది మంది లేరు. "రేపు గూడ ఆడ్తం తాతా, నలుగుర్ని తోల్కరా" అంది సుజాత.

మంచి నాటిక చూసినవాడు రెండోవాడి ఇంటికి పోయి "లే, పోయి చూడు" అనడం మన అలవాటు. ఈసారి ఎవరింటికి పోవాలి? పొద్దున ఇబ్రహీంపట్నం బస్టాండు హోటల్లో చెప్పాను.

"ఫోన్ల వస్తదా, తాతా?" అన్నాడొకడు.

"రాదు బిడ్డా. లేసి నడ్వాలె."

అందరూ నవ్వారు. ఎవరూ లేవలేదు.

ఇవాళ ఒక్కడినే పోయాను. ఎప్పటిలాగే పక్క కుర్చీ మీద నీ కోసం తువ్వాల వేశాను. అది ఎవరికని అడిగేవాడు కూడా రాలేదు.