టవర్ వద్దన్న అర్జీ

నాందేడ్,
20 సెప్టెంబర్ 2025, శనివారం.

చి. ప్రతీక్షకు రాధాకిషన్ మామ ఆశీస్సులు. క్షేమమా అని అడిగే ముఖం లేదు, నేరుగా విషయానికి వస్తున్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు యాభైకి మీ అమ్మ యమునాబాయి దెగ్లూర్ తోవలో, అంబులెన్సులో చనిపోయింది. పాము కరిచింది పది ఇరవైకి. మధ్యలో రెండున్నర గంటలు ఏమయ్యాయని మూడో రోజు నువ్వు అడిగావు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మా చిన్నాన్న కొడుకు విశ్వేశ్వర్ మర్ఖేల్ అవతల గుట్ట మీద కట్టిన కట్టెల ఇంటికి నాందేడ్ నుంచి, నిజామాబాద్ నుంచి జట్లుగా జనం డబ్బు కట్టి శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం పోతారు. గేటు మీద బోర్డు ఉంది: ఇక్కడ ఫోన్ రాదు, అదే ఇక్కడి సుఖం.

ఆ రోజు పన్నెండు మంది ఉన్నారు. పొద్దున విశ్వేశ్వర్ వాళ్లను వాళ్ల టెంపోలోనే వాగు చూపించడానికి తీసుకుపోయాడు. ఇంటి దగ్గర వంట చేసే మీ అమ్మ, తోట పని చేసే మంగేశ్ మిగిలారు. వంట చాలావరకు అయ్యాక కట్టెల కుప్పలో చేయి పెట్టినప్పుడు పాము కరిచింది. మంగేశ్ ఆమెను నీడన కూర్చోబెట్టి, సిగ్నల్ దొరికే రోడ్డు మలుపు దాకా మూడు కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆయనకు అరవై రెండేళ్లు. 108కి ఫోన్ కలిసింది పదకొండు పదికి. ఊళ్లోంచి నలుగురు మంచం మీద మోసుకొచ్చి మలుపు దగ్గర 108 బండి ఎక్కించేసరికి పన్నెండు ఇరవై. పొయ్యి మీద పప్పున్నది, అడుగంటుతది, జర సూడే అని మంచం మీద నుంచి కూడా అన్నదట.

ఒంటి గంటకు టెంపో వాపసు వచ్చింది. పాము సంగతి ఊళ్లోవాళ్లు విశ్వేశ్వర్‌కు చెప్పారు, కాసేపటికి మలుపు దగ్గర నుంచి చావు కబురూ వచ్చింది. ఆయన అతిథులకు మాత్రం వంటామె తమ్మునికి పానం మంచిగ లేదని, ఇంటికి పోయిందని చెప్పాడు. రెండు గంటలకు వాళ్లు ఆమె చేసిన జొన్నరొట్టెలు, వంకాయ కూర, పప్పు తిన్నారు. వంటామె చేతిలో అన్నపూర్ణ ఉందని ఒకావిడ అతిథుల పుస్తకంలో రాసింది. సోమవారం విశ్వేశ్వర్ ఆ పేజీని ఫోటో తీసి, ఆ ఇంటికి జనాన్ని పిలిచే తన ప్రకటన కింద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ప్రమాదాల వార్తలు రాస్తున్నాను. కలం పక్కన పెట్టడం ఇదే మొదలు.

వెళ్లి విశ్వేశ్వర్‌ను అడిగాను. ఆల్లు సంబరంగ అచ్చిండ్రు దాదా, తినెటోళ్ల ముందట సావు ముచ్చట ఎట్ల చెప్పాలె అని నన్నే అడిగాడు. ఈ శనివారం ఇంకో జట్టు అస్తున్నది, వంటకు ఎవలన్న ఉంటే చూడుమని కూడా అన్నాడు.

మీ ఊళ్లో ఈపాటికి ఫోన్ టవర్ ఉండాల్సింది. మార్చిలో కంపెనీ వాళ్లు బడి వెనక జాగా చూసుకున్నారు. ఆ వంటింటి నుంచి అక్కడికి నాలుగు వందల మీటర్లు. టవర్ వస్తే విశ్వేశ్వర్ బోర్డుకు పని లేదు. అందుకే టవర్ వద్దని, పిల్లల తలలు చెడిపోతాయని గ్రామసభకు మరాఠీలో అర్జీ వెళ్లింది. ముప్పై ఒక్క సంతకాలు. కంపెనీ వెనక్కి పోయింది. సంతకం పెట్టినవాళ్లలో పందొమ్మిది మంది విశ్వేశ్వర్ దగ్గర పని చేసేవాళ్లే. పదకొండో సంతకం మీ అమ్మది, తెలుగులో.

రేపు విశ్వేశ్వర్ మీ ఇంటికి ఒక కాగితం తెస్తాడు. నాకు చూపించాడు. పాము కరిచాక ఇంటివాళ్లమే ముందు మంత్రగాని దగ్గరికి తీసుకుపోయి ఆలస్యం చేశామని అందులో ఉంది. సంతకం పెట్టు బిడ్డా, అమ్మ జాగల నువ్వే వంటకుండు, నువ్వేమన్న బయటి పిల్లవా అని అంటాడు. పెట్టకు. పెడితే ఆ రెండున్నర గంటలు మీ తప్పుగా మిగిలిపోతాయి.

నీకు ఫోన్ కలవదు కనుక ఉత్తరం ఈ రోజు ఇక్కడికి వచ్చిన మంగేశ్ చేతికి ఇస్తున్నాను. విశ్వేశ్వర్ చూసినా భయం లేదు, ఆయనకు తెలుగు చదవరాదు.

ఇట్లు,
రాధాకిషన్

తా.క.: ఆ అర్జీ రాసింది నేను. మనవాళ్లలో ఎవరికి ఆఫీసు కాగితం కావాలన్నా మరాఠీలో రాసిపెట్టేది నేనే కదా, విశ్వేశ్వర్ అడిగితే రాశాను. గుట్ట మీద రెండు రోజులుండి, మీ అమ్మ వండింది తిని, వరండాలో కూర్చుని రాశాను. సంతకానికి పిలిస్తే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఈ కాయితంల ఏమున్నదే అన్నా, నాకు మరాఠీ సదువరాదు అన్నది. రోడ్డు కోసం అని చెప్పాను. నువ్వు చెప్పినంక ఇగ అడిగేదేమున్నది అని పెట్టింది. పక్కన విశ్వేశ్వర్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఇద్దరికీ అంతే తేడా.

బుధవారం, 24వ తేదీ, పదకొండు గంటలకు దెగ్లూర్ ఠాణాలో అందరి జబాబులు, అంటే వాంగ్మూలాలు, రాసుకుంటారు. మొదటి పేరు నాది, నేనే రాయించాను. నా తర్వాత నీది.