యానిస్ గారి ఓటు, మా సర్పంచ్

ఆదివారం, బాతెల్, అమెరికా

పక్కింటి గ్రీకు పెద్దాయన యానిస్ గారు ఫెన్స్ దగ్గర తన ఊరి సంగతులు చెప్పారు. కొండ మీది ఆ చిన్న ఊరిని కింది పట్నం మునిసిపాలిటీలో కలిపేశారట. అయినా ఎన్నికలొస్తే విమానమెక్కి వెళ్ళి, ఊళ్ళోనే ఓటేసి వస్తారట.

"ఇండియాలో మీ ఊరి మేయర్ ఎవరమ్మా?" అని అడిగారు. మా ఊళ్ళో సర్పంచ్ ఉంటారండీ, పేరు కనుక్కుని చెబుతానన్నాను. ఇక్కడ నాకు ఓటు లేదు, అక్కడ వేసి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం చెల్లికి ఫోన్ చేశాను.

"మనూరి సర్పంచ్ ఎవరే ఇప్పుడు?"

"సర్పంచ్ ఎక్కడక్కా! మనల్నీ టౌన్లో కలిపేశారుగా. పంచాయతీ ఆఫీసుకి వార్డు ఆఫీసని బోర్డు మార్చారు. నీకు తెలీదా?"

తెలిసినట్టే నవ్వాను. కుళాయి నీళ్ళొచ్చే వేళకి మోగే పంచాయతీ మైకు ఉందో లేదో కూడా అడగలేదు. యానిస్ గారు మళ్ళీ అడిగితే, నేను ఊరి నుంచి బయల్దేరిన నాటి సర్పంచ్ పేరే చెబుతానేమో.