మూడు చెవుల టైలరు

జూన్ 2, సోమవారం

ఇవాళ్టి నుంచి షాపుకి రావద్దన్నాడు మా వాడు. నేను పెట్టిన సెలూన్. వాడు పుట్టకముందు నుంచీ నేను వెనక నిలబడ్డ మూడో కుర్చీ.

జరిగిందేంటంటే, నిన్న టైలరు చెవికి నా కత్తెర తగిలింది. తగిలిందంటే ఓ నూలుపోగంత. టైలరు నవ్వేశాడు. నా సూదికి రోజూ ఇంతకంటే ఎక్కువ రక్తం పెడతాను బాబాయ్ అన్నాడు. మా వాడు మాత్రం నవ్వలేదు. నీ చేతులు వణుకుతున్నాయి నాన్నా, ఇవాళ చెవి, రేపు గొంతు అన్నాడు. గొంతు కొయ్యాలనుకుంటే ముందు నీదే కోసేవాణ్ణిరా అన్నాను. కస్టమర్లు గొల్లుమన్నారు. వాడికి ఇంకా మండింది.

నా చేతులు వణకవు. కొంచెం ఆలోచిస్తాయి, అంతే.

ఈ డైరీ మనవరాలిది. నాలుగు పేజీలు రాసి వదిలేసింది. ఆ నాలుగూ చింపేశాను. చదివాకే.

జూన్ 3

పొద్దస్తమానం ఇంట్లో ఉంటే మా ఆవిడకి నేనూ, నాకు మా ఆవిడా ఎక్కువైపోయాం. బీరువా కింద దుమ్ము దులుపుతానని వంగాను. నిజానికి ఆవిడ డబ్బులు ఎక్కడ దాస్తుందో చూద్దామని. డబ్బులు లేవు. ఓ ప్లాస్టిక్ కెమెరా ఉంది. సబ్బుపెట్టె అంత బరువు కూడా లేదు. ఊపితే లోపల ఏదో గలగలమంది. మనవరాలు సరదాపడి కొనుక్కుందట. బొమ్మ కాదు తాతయ్యా, నిజంగానే రీలు వేసి తియ్యొచ్చు అంది.

జూన్ 4

మనవరాలు పాఠం చెప్పింది. కాలేజీలో రోజంతా విని విని, చెప్పే ఛాన్స్ ఇప్పటికి దొరికినట్టుంది, వదల్లేదు. వెనక డొప్ప ఊడదియ్యాలి. రీలు ఎడమ పక్క పెట్టాలి. దాని కాగితం తోక లాగి కుడి పక్క ఖాళీ కండెకి తగిలించాలి. మూసేసి, వెనకున్న ఎర్ర కిటికీలో ఒకటి అంకె వచ్చేదాకా చక్రం తిప్పాలి. రీలుకి పన్నెండు ఫోటోలు. పన్నెండేనా, పిసినారి కెమెరా అన్నాను. ఫోన్లో వెయ్యి తీసి ఒక్కటీ చూడం, ఇందులో పన్నెండు తీసి పన్నెండూ చూస్తాం అంది. మరి బీరువా కింద ఎందుకు పడేశావే అంటే బోర్ కొట్టిందట.

సందుల్లోంచి వెలుతురు దూరకుండా నల్ల టేపు చుట్టింది. తల పగిలినవాడికి కట్టు కట్టినట్టుంది.

నాకు నచ్చిందేంటంటే, దాని మీద చదవాల్సింది ఏమీ లేదు. అద్దం ఉన్న ముక్కు చుట్టూ బొమ్మలే. ఒక మనిషి, ముగ్గురు, గుంపు, కొండ. దగ్గరివాళ్ళకి మనిషి బొమ్మ మీదకి తిప్పాలి, దూరమైతే కొండ మీదకి. ఐదో క్లాసులో బడి మానేసినవాడి కోసమే చేసినట్టుంది. మా వాణ్ణి తీస్తే కొండ పెడతాను. ఇప్పుడు వాడు నాకు అంత దూరం.

జూన్ 5

పన్నెండూ అయిపోయాయి. తొమ్మిదింటికి మొదలెట్టి పదింబావుకల్లా.

జూన్ 9, పొద్దున

పాత స్టూడియో ఆయన ఒక్కడే ఇప్పటికీ వెనకగదిలో రీళ్ళు కడుగుతాడు. కడిగిన రీలు లైటుకి ఎత్తి చూపించాడు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కిటికీ అద్దంలా ఉంది. ఏమీ లేదు. పెద్దాయనా, మూత తీశావా అని అడిగాడు.

ఏ మూత?

దాని ముక్కు మీద మూత ఉంటుందట. చూసే కన్నం వేరు, తీసే కన్నం వేరు. కన్నంలోంచి అందరూ పళ్ళికిలిస్తూ కనపడుతుంటే మూత సంగతి నాకెలా తెలుస్తుంది? మా ఆవిడ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. టైలరు గాయపడ్డ చెవి ఇటు తిప్పి, సాక్ష్యం బాబాయ్, గట్టిగా తియ్యి అన్నాడు. అంతా మూతకి ఫోజులు.

జూన్ 9, సాయంత్రం 6

మనవరాలి నోట్లో ఏదీ దాగదు. మా వాడికి చెప్పేసింది. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. మూత తియ్యడం మర్చిపోయే మనిషి చేతికి కత్తి ఎలా ఇస్తాను నాన్నా అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మూడో కుర్చీ తీసేస్తున్నాడట. ఇరవై రెండో తారీఖు ఆదివారం పాత సామాన్లవాడు వచ్చి పట్టుకెళ్తాడట. ఆ జాగాలో తలస్నానం చేయించే బేసిన్ పెడతాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ నాది, ముందు నన్ను తూకం వేయించు, తర్వాత కుర్చీ అన్నాను. వాడూ తగ్గలేదు. వణక్కుండా ఒక్క ఫోటో తియ్యి, ఒక్కటంటే ఒక్కటి, కుర్చీ ఉంటుంది, నువ్వూ ఉంటావు అన్నాడు. నోరు జారాడు వెధవ. మా ఆవిడని సాక్షిగా పెట్టాను. నేను విన్నాను, ఇద్దరూ ఇక కాళ్ళు తుడుచుకుని లోపలికి రండి అంది.

జూన్ 10

మూత కిటికీలోంచి విసిరేశాను. పీడా పోయింది. రెండో రీలు మొదలు.

జూన్ 14

ఈసారి ఫోటోలు వచ్చాయి. టైలరుకి మూడు చెవులొచ్చాయి. ఒకటి గీరితే రెండు మొలిచాయి చూడు, నీకు లాభమే చేశానన్నాను. మూడో చెవికి కళ్ళజోడు ఎక్కడ తగిలించను అని వాడు దిగులు నటించాడు. మా ఆవిడకి నాలుగు కళ్ళు. అది కొత్తేం కాదు, పెళ్ళైన నాటి నుంచీ నా మీద నాలుగు కళ్ళే. వీధి దీపం స్తంభం జడ వేసుకుంది. పన్నెండింటిలో ఒక్కటి తిన్నగా లేదు.

అందరినీ నవ్వించి ఇంటికొచ్చాను.

జూన్ 15

వణుకుతున్నాయి. రాసి పడేశాను. ఈ పేజీ మళ్ళీ చదవను.

జూన్ 16

చదివాను. చదివితే ఒకటి తట్టింది. టీ కప్పు గాల్లో పట్టుకుంటేనే తొణుకుతోంది. మోచెయ్యి బల్ల మీద ఆనిస్తే తొణకదు. ఈ ముక్క నాకు తెలియంది కాదు. గడ్డం గీసేటప్పుడు చిటికెనవేలు అవతలివాడి దవడ మీద ఆనిస్తాం. వాడు ఊపిరి వదిలాకే కత్తి కదుపుతాం. కెమెరా పట్టుకోగానే ఈ తెలివంతా ఏ గంగలో కలిసిందో!

మనవరాలు ఇంకో గుట్టు చెప్పింది. కెమెరా అడుగున చిన్న మీట ఉంది. అది జరిపితే, నొక్కి ఉంచినంతసేపూ కన్ను తెరిచే ఉంటుంది. గదిలో వెలుతురు తక్కువ కదా, అలా తియ్యాలట. కానీ నువ్వూ కదలకూడదు, వాళ్ళూ కదలకూడదు, ఎవరు కదిలితే వాళ్ళు పొగైపోతారు అంది.

జూన్ 17

షాపుకెళ్ళాను. రావద్దన్నానుగా అన్నాడు. పనికి రావద్దన్నావు, నేను ఫోటోగ్రాఫర్ని అన్నాను.

మొదటి కుర్చీలో టైలరు, మొహం నిండా నురుగు. మా వాడి చేతిలో కత్తి. నేను మూడో కుర్చీ వెనక నిలబడి, తల ఆనించే దిండు మీద కెమెరా పెట్టాను. కుర్చీ దాన్ని పట్టుకుంది, నేను కుర్చీని పట్టుకున్నాను. కత్తి దవడ మీద పెట్టు, ఆగు, ఊపిరి కూడా పీల్చకు అన్నాను మా వాడితో. వాడు చిన్నప్పుడు ఇదే షాపులో విని పని నేర్చుకున్న గొంతు నాది. ఆగిపోయాడు.

నొక్కి పట్టి రెండు అంకెలు లెక్కపెట్టి వదిలాను. పన్నెండూ అలాగే తీశాను. టైలరు నాలుగుసార్లు నవ్వాడు, రెండుసార్లు తుమ్మాడు. నురుగు ఎండి అట్ట కట్టేస్తోంది, నన్ను గీస్తారా గోడకి మేకు కొట్టి తగిలిస్తారా అని గోల.

జూన్ 21, శనివారం

వచ్చింది. ఒక్కటి.

దువ్వెన పళ్ళు లెక్కపెట్టొచ్చు. అద్దం మూల పగులు కనిపిస్తోంది. టైలరుకి రెండే చెవులు. మా వాడి చొక్కా గుండీల మీద దారం కూడా తెలుస్తోంది. ఇలాంటి కెమెరాతో ఇలా తీసినవాణ్ణి చూళ్ళేదన్నాడు స్టూడియో ఆయన. షాపుకి పరిగెత్తి ఫోటో మా వాడి మొహాన కొడదామని బయల్దేరాను.

వీధి మలుపులో ఇంకోసారి చూసుకున్నాను.

అంతా తిన్నగా ఉంది, మా వాడి కుడి చెయ్యి తప్ప. మణికట్టు దాకా మనిషి, అక్కణ్ణుంచి పొగ. కత్తి ఒకటి కాదు, విసనకర్రలా పరుచుకుంది. కదిలాడేమో అనుకుందామంటే మెడ నరం బిగుసుకుని ఉంది, ఊపిరి ఆపి మరీ ఆగాడు. జేబులోంచి రీలు తీసి ఎండకి పట్టి చూశాను. మిగతా పదకొండింటిలోనూ ఆ చెయ్యి అంతే.

వాడికి నలభై ఎనిమిది. నాకూ అప్పుడే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

రేపు గొంతు అని వాడన్నది ఎవరి చేతుల గురించో ఇప్పుడు తెలిసింది. నన్ను షాపులోంచి పంపేస్తే నా చేతుల్లో తన చేతుల్ని రోజూ ఎదురుగా చూసుకోనక్కర్లేదు అనుకున్నాడు కాబోలు.

పుట్టాక ఇంత మంచి ఎగతాళి నా చేతికి చిక్కలేదు. వెనక్కి తిరిగి, ఇంట్లో ఒకణ్ణే కూర్చుని, బల్ల మీద మోచేతులు ఆనించి, కత్తెరతో ఫోటోని మా వాడి మోచెయ్యి పక్క నుంచి నిలువునా కోసేశాను. ఆ చెయ్యితో పాటు టైలరూ పోయాడు. అంచు చూసుకున్నాను. గీత గీసినట్టుంది. ఇది ఫోటో కంటే పెద్ద సాక్ష్యం, కానీ ఎవరికీ చెప్పుకోలేను.

జూన్ 22

ఫోటో బల్ల మీద పెట్టాను. దువ్వెన పళ్ళు లెక్కపెట్టుకోమన్నాను. ఇదేంటి ఇంత ఇరుగ్గా వచ్చింది అంది మా ఆవిడ. ప్లాస్టిక్ కెమెరా, నీలాగే దానికి తోచినంతే చూస్తుంది అన్నాను. మా వాడు ఫోటో తన వైపు లాక్కున్నాడు. కోసిన అంచు మీద వేలు పెట్టి పై నుంచి కిందికి రాశాడు. తర్వాత పాత సామాన్లవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు.

గెలిచాను. ఈల వేద్దామనుకుని మానేశాను.

జూన్ 24

షాపులో ఎవరూ లేనప్పుడు, కోసిన ముక్క ఏదీ అన్నాడు. నమిలి మింగేశాను అన్నాను. నవ్వలేదు. షట్టర్ సగం దించి, వచ్చి మూడో కుర్చీలో కూర్చుని, గడ్డం చెయ్యమన్నాడు.

చేశాను. ఒక గాటు పడింది. ఇద్దరం పట్టించుకోలేదు.