ఎర్ర గడి, బుద్ధుడి బిళ్ల

డాక్టర్ సిరిన్ గారికి, లాంపాంగ్ జిల్లా మే థా నుంచి నమస్కారాలు.

పోయినేడు అడవులు తగలబడి పొగ కమ్మిన రోజుల్లో మీ ఎక్స్‌రే బండి మా ఊరొచ్చినప్పుడు మా ఆయన ఇన్‌కేవ్ కూడా తీయించుకున్నాడు. ఊపిరితిత్తి మీద ఏదో మచ్చ ఉందని కంప్యూటర్ ఎర్ర గడి గీసింది. మెడలోని బుద్ధుడి బిళ్ల తీసి మళ్ళీ నిలబడమని నర్సు పిమ్ ఎంతో బతిమాలింది.

"స్నానానిక్కూడా తియ్యనమ్మాయ్! మా స్వామిని చూసి నీ మిషనే జడుసుకుంది" అన్నాడు. వరుసలో వాళ్ళంతా ఒకటే నవ్వు. పాపం, ఆ పిల్లా నవ్వేసి, మిషన్ పొరబడిందనీ అది బిళ్ల నీడేననీ కంప్యూటర్‌లో నొక్కేసింది.

తర్వాత ఆ గడి గీసినచోటే కేన్సర్ బయటపడింది. మొన్న చితికి పంపేముందు బిళ్ల నేనే తీశాను. దాని కింద చర్మం పసిపిల్లాడిదిలా తెల్లగా ఉంది.

పిమ్‌ను ఏమీ అనకండి. కానీ మనం తప్పంటే తప్పనీ, ఒప్పంటే ఒప్పనీ మిషన్ నేర్చుకుంటుందని ఆ రోజు మీరే చెప్పారు. దానికి మేం తప్పు నేర్పాం. అది పొరబడలేదని దానికి చెప్పండి. ఈసారి బిళ్ల కనబడగానే అది గడి గీయకుండా ఊరుకుంటే ఎలా? మా ఊళ్ళో బిళ్ల లేని మగాడు లేడు.

ఇట్లు,
ఇన్‌కేవ్ భార్య