వడ్రంగిపిట్ట కార్డు

తమ్ముడూ,

పాతకాలం సిగరెట్టు పెట్టెల్లో వచ్చిన పక్షుల బొమ్మ కార్డులు మీ బావ మొత్తానికి సెట్టంతా కూడగట్టారు. చివరికి మిగిలిన వడ్రంగిపిట్ట కార్డు మీ వీధిలోని ముసలి టైలరు దగ్గరుండేది. "నేను బతికుండగా ఇవ్వను" అని అతను మా ముఖం మీదే అన్నాడు. మొన్న మీ బావ ఆ కార్డుతో ఇంటికొచ్చారు.

"ఎలా ఇచ్చాడండీ?" అన్నాను.

"మనసు మార్చుకున్నాడులే."

ఆ సాయంత్రం చొక్కా ఆయనే ఉతుక్కున్నారు. ఇన్నేళ్ల కాపురంలో అదే మొదటిసారి. నువ్వొకసారి టైలరు తలుపు తట్టు. పలక్కపోతే ఒక్కడివే లోపలికెళ్లకు, నలుగుర్నీ పిలువు.

ఇప్పుడాయన ఓడల సెట్టు మొదలుపెట్టారు. అందులో దొరకని కార్డు నీ దగ్గరుందని ఆయనకు తెలుసు. నాన్న గుర్తని దాచుకోకు. అడగ్గానే ఇచ్చెయ్యి, నా తండ్రీ.

నీ అక్క